రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఆ రోజులు: పాత సైనికుల జ్ఞాపకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

1940ల నుంచి 1960ల మొదటి దాకా బ్రిటన్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్ ఫోర్స్ (ఆర్‌ఏఎఫ్)లో పనిచేసినవాళ్లు రాసుకున్న, చెప్పి రికార్డు చేయించుకున్న జ్ఞాపకాలు వేలల్లో ఉన్నాయి. విమానాల మీద ఇష్టంతో వాటిని తెరిచినవాళ్లకు మొదట నిరాశే ఎదురవుతుంది. ఎక్కడ చూసినా బూట్ల పాలిష్, చలి, టీ, సెలవు చీటీ కోసం పడిగాపులు. విమానం ఎక్కడో దూరంగా వినిపిస్తుంటుంది, అంతే. నన్నడిగితే వాటిలో అసలు సరుకు అదే. యుద్ధాల చరిత్ర చాలాచోట్ల దొరుకుతుంది. ఒక మామూలు కుర్రాడు ఆ యంత్రాంగం లోపల రోజు ఎలా గడిపాడో మాత్రం ఇక్కడే తెలుస్తుంది. ఈ జ్ఞాపకాలు చదివే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు కింద ఉన్నాయి. హైదరాబాద్ సంగతి కోసమే వచ్చినవాళ్లు నేరుగా కిందికి వెళ్లొచ్చు.

ఆర్‌ఏఎఫ్‌లో పనిచేశామంటున్నారు కదా, వీళ్లంతా పైలట్లేనా?

కాదు. మొత్తం దళంలో పైలట్లు కొద్దిమందే. మిగతావాళ్లలో ఇంజిన్ చూసే ఫిట్టర్లు, రెక్కలూ బాడీ చూసే రిగ్గర్లు, బాంబులూ తుపాకులూ ఎక్కించే ఆర్మరర్లు, వైర్‌లెస్, రాడార్ మెకానిక్కులు, పారాచూట్లు మడతపెట్టేవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, గుమస్తాలు, స్టోర్ కీపర్లు ఉండేవారు. లాంకాస్టర్ బాంబర్‌లో ఎక్కేది ఏడుగురు. దాన్ని గాల్లోకి లేపడానికి కింద పనిచేసేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. ఏళ్లకేళ్లు ఎయిర్ ఫోర్స్‌లో ఉండి, ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండానే ఇంటికి పోయినవాళ్లు బోలెడుమంది. ఆ మాట వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు.

కానీ నేల మీద పనిచేసినవాళ్ల మాటల్లో ఒక గట్టి నమ్మకం కనిపిస్తుంది. విమానం తమదని, పైలట్ దాన్ని కాసేపు అడిగి తీసుకెళ్తాడని. అందులో కొంత నిజం లేకపోలేదు. ప్రతి విమానానికీ ఫారం 700 అనే రిజిస్టర్ ఉండేది. ఏ పని ఎవరు చేశారో వాళ్లే అందులో సంతకం పెట్టాలి. అవన్నీ చూసుకుని పైలట్ కూడా సంతకం పెట్టాకే విమానం కదిలేది. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడి సంతకాన్ని నమ్మి ఏడుగురు గాల్లోకి వెళ్లేవారు. అర్ధరాత్రి మంచంలో లేచి కూర్చుని "ఆ మూత బిగించానా లేదా" అని టెన్షన్ పడ్డామని చెప్పేవాళ్లు ఎంతమందో.

పైలట్ ఆఫీసర్ అంటే పైలట్టేగా?

అదీ కాదు. అది హోదా పేరు మాత్రమే. స్టోర్స్ చూసే ఆఫీసరు కూడా పైలట్ ఆఫీసరు కావచ్చు, అకౌంట్లు చూసే ఆయన వింగ్ కమాండర్ కావచ్చు. మరోవైపు యుద్ధకాలంలో బాంబర్లు నడిపిన పైలట్లలో చాలామంది సార్జెంట్లు, అంటే ఆఫీసర్లు కూడా కారు. ఫ్లయింగ్ ఆఫీసర్, స్క్వాడ్రన్ లీడర్, గ్రూప్ కెప్టెన్ లాంటి పేర్లు మన వైమానిక దళంలో ఇప్పటికీ అవే కాబట్టి తెలుగు పాఠకులకు ఈ భాగం పెద్ద కష్టం కాదు. అట్టడుగున ఏసీ2 (రెండో తరగతి ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, అంటే మామూలు జవాను), దాని పైన ఏసీ1, ఆపైన లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ అనే ఎల్‌ఏసీ. 1951లో ఎల్‌ఏసీకి పైన ఎస్‌ఏసీ, అంటే సీనియర్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, వచ్చి చేరింది. ఈ కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లను వాడుకలో "ఎర్క్" అనేవారు.

నేషనల్ సర్వీస్ అని మాటిమాటికీ వస్తుంది. అదేమిటి?

యుద్ధం ముగిశాక కూడా బ్రిటన్ నిర్బంధ సైనిక సేవను ఆపలేదు. 1949 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పద్దెనిమిది దాటిన ఆరోగ్యవంతులైన మగపిల్లలందరూ 18 నెలలు పనిచేయాలి. కొరియా యుద్ధం రావడంతో 1950లో దాన్ని రెండేళ్లు చేశారు. 1960 చివరితో కొత్తవాళ్లను పిలవడం ఆగింది. చివరి జవాను 1963లో ఇంటికెళ్లాడు.

సైన్యమా, నౌకాదళమా, ఎయిర్ ఫోర్సా అని అడిగేవారు గానీ, అడిగిందే ఇస్తారన్న హామీ లేదు. ఎక్కువమంది ఎయిర్ ఫోర్స్ కోరుకోవడానికి కారణం మామూలుదే. బురదలో పాకే పని తక్కువని, చేతికి ఏదైనా పని వస్తుందని. మరో ఏడాది కలిపి మూడేళ్లకు రెగ్యులర్‌గా సంతకం పెడితే జీతం బాగుండేది, నచ్చిన ట్రేడ్ దొరికే అవకాశమూ పెరిగేది. ఆ ఒక్క ఏడాది గురించి యాభై ఏళ్ల తర్వాత కూడా "మంచి పని చేశాను" అనేవాళ్లూ ఉన్నారు, "నా తెలివితక్కువతనం" అనేవాళ్లూ ఉన్నారు.

మొదటి రోజు ఎలా ఉండేది?

యుద్ధం తర్వాత చేరిన చాలామంది కథ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని కార్డింగ్టన్‌లో మొదలవుతుంది. స్టేషన్ నుంచి లారీలో వెళ్తుంటే దూరం నుంచే రెండు బ్రహ్మాండమైన షెడ్లు కనిపిస్తాయి. ఆర్101 అనే గాలినౌకను కట్టింది అక్కడే. అది 1930లో ఇండియాకు బయలుదేరి ఫ్రాన్స్‌లోనే కూలిపోయింది. కొత్తగా చేరే కుర్రాళ్ల మనసులో ఆ కథ మెదలకుండా ఉంటుందా?

అక్కడ యూనిఫాం, బూట్లు, మగ్గు, కత్తి, ఫోర్కు, చెంచా, సూదీదారం సంచీ ఇచ్చేవారు. వేసుకొచ్చిన సొంత బట్టల్ని ఖాకీరంగు కాగితంలో చుట్టి ఇంటికి పోస్టు చేయించేవారు. ఆ పార్సిల్ విప్పి అమ్మ ఏడ్చిందట అన్న మాట ఎన్ని జ్ఞాపకాల్లో వస్తుందో చెప్పలేం. ఇక సర్వీస్ నంబర్. కట్టుకున్న భార్య పుట్టినరోజు మర్చిపోయిన పెద్దాయన కూడా తొంభై ఏళ్ల వయసులో ఆ అంకెలు తడుముకోకుండా చెబుతాడు.

"స్క్వేర్ బాషింగ్" అంటే ఏమిటి? దాని గురించి అంతగా ఎందుకు రాస్తారు?

కొత్తవాళ్లకు సుమారు ఎనిమిది వారాల పాటు ఇచ్చే కవాతు శిక్షణ అది. వెస్ట్ కిర్బీ, బ్రిడ్జ్‌నార్త్, హెడ్నెస్‌ఫర్డ్, విల్మ్‌స్లో, ప్యాడ్‌గేట్ లాంటి క్యాంపుల్లో జరిగేది. అంతగా రాయడానికి కారణం ఒకటే అనుకుంటాను. అప్పటివరకు ఇల్లు వదలని పద్దెనిమిదేళ్ల పిల్లలు వాళ్లు. గ్లాస్గో నుంచి వచ్చినవాడి యాస లండన్ వాడికి అర్థం కాదు. మొదటి రాత్రి లైట్లు ఆపాక ఎవరో దుప్పటి కింద ఏడుస్తుంటారు. తెల్లారితే ఆ విషయం ఎవరూ ఎత్తరు.

పడక అంతా పొడవాటి చెక్క షెడ్డులో. రెండు వైపులా వరసగా కలిపి ఇరవై దాకా ఇనుప మంచాలు, మధ్యలో ఒక బొగ్గు పొయ్యి. పొయ్యి పక్క మంచం దొరికినవాడు అదృష్టవంతుడు. తలుపు పక్కన పడినవాడి గతి అంతే. పరుపు ఒకే ముక్క కాదు, మూడు చదరపు ముక్కలు. వాటిని "బిస్కెట్లు" అనేవారు. నిద్రలో కదిలితే అవి విడిపోయి మధ్యలోంచి చలి వచ్చేది. పొద్దున లేవగానే ఆ బిస్కెట్లు పేర్చి, దుప్పట్లూ షీట్లూ అంచులు కలిసేలా మడిచి, వాటన్నిటి చుట్టూ ఇంకో దుప్పటి చుట్టి పెట్టాలి. నచ్చకపోతే కార్పోరల్ దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసేవాడు.

నేల సంగతి ఇంకా విచిత్రం. మైనం రాసి, "బంపర్" అనే బరువైన పొడుగు కర్ర బ్రష్‌తో రుద్ది అద్దంలా చేసేవారు. ఆ మెరుపు పోకూడదని గదిలో ఎవరూ బూట్లతో నడవరు. పాత దుప్పటి ముక్కల మీద రెండు కాళ్లూ పెట్టి జారుకుంటూ వెళ్తారు. ఇరవైమంది మగపిల్లలు షెడ్డులో అలా జారుతూ తిరగడం ఊహించుకోండి. బూట్ల ముందు భాగం మీద చిన్నచిన్న బొడిపెలు ఉంటాయి. చెంచా వెనక భాగాన్ని వేడి చేసి వాటిని అణిచి, ఆ పైన ఉమ్మి, పాలిష్, గుడ్డ, గుండ్రంగా రుద్దడం. గంటల తరబడి.

బొగ్గుకు సున్నం కొట్టించారనే మాట కూడా వింటారు. ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కుప్పలోని బొగ్గుకు తెల్లరంగు వేయించారని, గడ్డిని కత్తెరతో కత్తిరించారని. ఎక్కడో ఒకచోట జరిగే ఉంటుంది. అయితే చెప్పే ప్రతివాడూ తన క్యాంపులోనే జరిగిందంటాడు. అక్కడ కాస్త తగ్గించుకుని చదవాలి.

డ్రిల్ కార్పోరళ్ల తిట్ల మీద కోపం తగ్గనివాళ్లు ఉన్నారు. ఎక్కువమంది మాత్రం "అప్పుడు చంపాలనిపించేది, చివరి పరేడ్ రోజు ఆయనకే బీరు కొనిచ్చాం" అంటారు. నాకు ఈ రెండో రకం మీద కొంచెం అనుమానమే. బాధ మరుగునపడి సరదాగా మిగిలిపోవడానికి యాభై ఏళ్లు చాలు. ఆ ఒత్తిడికి తట్టుకోలేక పారిపోయినవాళ్లు, ఆరోగ్యం పాడైనవాళ్లు కూర్చుని జ్ఞాపకాలు రాయలేదు.

తిండి ఎలా ఉండేది? టీలో ఏదో మందు కలిపేవారట, నిజమేనా?

బ్రిటన్‌లో రేషన్ 1954 దాకా నడిచింది. అందుకని పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు "ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువ తిన్నాను" అని రాస్తారు. అమ్మ చేతి వంట బాగా తిన్నవాళ్లు ఉడికి ముద్దయిపోయిన క్యాబేజీ గురించి రాస్తారు. తిన్నాక మెస్ బయట ఉన్న వేడినీళ్ల తొట్టిలో ఎవరి కత్తీ చెంచా వాళ్లు ముంచుకోవాలి. వందల మంది ముంచాక ఆ నీళ్ల మీద జిడ్డు తేలుతుండేది. ముందు వరసలో తినడానికి తోసుకున్నది ఆకలి వల్ల మాత్రమే కాదు.

సొంత డబ్బుతో తినే చోటు నాఫీ. త్రివిధ దళాల కోసం 1921లో పెట్టిన క్యాంటీన్ సంస్థ అది. టీ, బన్ను, ఒక పియానో, కాస్త వెచ్చదనం. జ్ఞాపకాల్లో ఎవరైనా సంతోషంగా కనిపించారంటే చాలావరకు అది నాఫీలోనే.

టీలో బ్రోమైడ్ కలిపి కుర్రాళ్ల కోరికల్ని అణిచేవారన్న పుకారు ప్రతి క్యాంపులోనూ ఉండేది. ఆధారం మాత్రం ఎవరూ చూపలేదు. రోజంతా కవాతు చేయించి, రాత్రి నేల తుడిపిస్తే వేరే మందు అక్కర్లేదు.

జీతం ఎంత?

నేషనల్ సర్వీస్ కుర్రాడికి మొదట్లో రోజుకు 4 షిల్లింగులు, వారానికి 28. అప్పట్లో 20 షిల్లింగులు ఒక పౌండు. అందులోంచే బూట్ పాలిష్, ఇత్తడి మెరిపించే బ్రాసో, సబ్బు కొనుక్కోవాలి. ఇంటికి కొంత పంపేవాళ్లు కూడా ఉన్నారు. జీతాల పరేడ్ ఒక తంతు. పేరు పిలిస్తే "సార్" అని అరిచి, సర్వీస్ నంబర్‌లోని చివరి మూడు అంకెలు చెప్పి, ముందుకెళ్లి సెల్యూట్ కొట్టి డబ్బు తీసుకోవాలి. ఒకే పేరున్న స్మిత్‌లు పదిమంది ఉన్న చోట ఆ మూడు అంకెలే మనిషి.

యుద్ధకాలపు బాంబర్ సిబ్బంది జ్ఞాపకాలు వేరుగా ఉంటాయెందుకు?

ఎందుకంటే అక్కడ లెక్క వేరు. ఆర్‌ఏఎఫ్‌లో బాంబు దాడుల విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్లు దాదాపు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573. ఎక్కువమంది ఇరవైల్లోనే. ఒక విడతకు 30 దాడులు పూర్తిచేస్తే విశ్రాంతి. ఆ 30 చూడకుండానే పోయినవాళ్ల సంఖ్య చాలా పెద్దది.

ఒక బృందం ఎలా తయారయ్యేదో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కవాతుకు ఇన్ని నియమాలున్న దళం ఇక్కడ మాత్రం ఏ నియమమూ పెట్టలేదు. పైలట్లు, నావిగేటర్లు, బాంబ్ ఎయిమర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, గన్నర్లను ఒక పెద్ద హ్యాంగర్‌లోకి తోలి, మీలో మీరే జట్లు కట్టుకోండని వదిలేసేవారు. మొహం చూసి, యాస విని, టై ముడి చూసి ఎంచుకున్నారు. ఫ్లయిట్ ఇంజినీరు తర్వాత నాలుగింజిన్ల విమానాల శిక్షణలో వచ్చి చేరేవాడు. అలా కలిసినవాళ్లు అన్నదమ్ముల కంటే దగ్గరయ్యారు. బతికి ఉంటే జీవితాంతం.

దాడికి వెళ్లే ముందు, తిరిగొచ్చాక గుడ్డు, బేకన్ పెట్టేవారు. ఊళ్లో జనానికి వారానికి ఒక గుడ్డు దొరకడమే గగనమైన రోజులవి. "నువ్వు తిరిగి రాకపోతే నీ గుడ్డు నేను తినొచ్చా?" అనేది వాళ్ల మధ్య పాత జోకు. మర్నాడు పక్క మంచం ఖాళీగా ఉంటే, కొందరు వచ్చి అతని సామాన్లు సర్దుకుని వెళ్లేవారు. ఇంటికి పంపే ముందు ఉత్తరాలన్నీ చూసి, తల్లిదండ్రులకో భార్యకో బాధ కలిగించేవి తీసేసేవారు. సాయంత్రానికి ఆ మంచం మీద కొత్త కుర్రాడు. అతని పేరు తెలుసుకోవడానికి కూడా కొందరు ఇష్టపడేవారు కాదు.

భయంతో ఇక ఎగరలేనన్నవాడి ఫైలు మీద "ఎల్‌ఎంఎఫ్" అని రాసేవారు. నైతిక ధైర్యం లేదని దానర్థం. హోదా తీసేసి, రెక్కల గుర్తు పీకేసి, వేరే చోటికి పంపేవారు. అప్పటికి ఇరవై దాడులు చేసినవాడైనా సరే. ఆ మూడక్షరాల భయం శత్రువు తుపాకుల కంటే ఎక్కువని చెప్పినవాళ్లున్నారు. డాక్టర్లు ఇప్పుడైతే దానికి వేరే పేరు పెడతారు.

హాంబర్గ్, డ్రెస్డెన్ లాంటి జర్మన్ నగరాల్లో కింద చచ్చిపోయినవాళ్ల గురించి ఈ జ్ఞాపకాల్లో తక్కువే ఉంటుంది. కొందరు ఆ అధ్యాయాన్ని దాటేస్తారు. కొందరు "వాళ్లు లండన్‌ను తగలబెట్టారు కదా" అంటారు. చాలా కొద్దిమంది మాత్రం ఆ మంటల్ని పైనుంచి చూసిన రాత్రి గురించి ముసలితనంలో నోరు విప్పారు. దేశం కూడా వీళ్ల విషయంలో తటపటాయించింది. లండన్ గ్రీన్ పార్కులో బాంబర్ కమాండ్ స్మారకం 2012లో గానీ రాలేదు.

ఆడవాళ్లు ఉండేవారా?

ఉండేవారు. 1939 జూన్‌లో పెట్టిన వాఫ్ అనే మహిళల సహాయక వైమానిక దళంలో 1943 నాటికి 1,80,000 మందికి పైగా ఉన్నారు. రాడార్ తెరలు చూడటం, పెద్ద మ్యాపు మీద శత్రు విమానాల గుర్తులు కర్రతో జరపడం, పారాచూట్లు మడవడం, నగరాల మీద ఎగరేసే అడ్డంకి బెలూన్లను లాగి కట్టడం. జీతం మగవాళ్ల దానిలో మూడింట రెండు వంతులు. పైలట్లుగా ఎగరనిచ్చేవారు కాదు. విమానాలు నడిపి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చిన మహిళా పైలట్లు వేరే సంస్థలో పనిచేశారు, వాళ్లు ఆర్‌ఏఎఫ్ కిందికి రారు.

1940 మేలో ఇంగ్లండ్‌లోని డెట్లింగ్ స్థావరంలో కూలి మండుతున్న విమానం నుంచి డాఫ్నీ పియర్సన్ అనే కార్పోరల్ ఒక పైలట్‌ను లాగి, బాంబు పేలుతుంటే తన శరీరాన్ని అడ్డం పెట్టింది. అదే ఏడాది బిగ్గిన్ హిల్ స్థావరం మీద బాంబులు పడుతుంటే టెలిఫోన్ల దగ్గర నుంచి కదలని ముగ్గురు వాఫ్ అమ్మాయిలకు మిలిటరీ మెడల్ ఇచ్చారు. ఈ రెండు సంగతులూ పుస్తకాల్లో దొరుకుతాయి. వాళ్ల జ్ఞాపకాల్లో ఎక్కువగా దొరికేది వేరు. డాన్సు చేసిన కుర్రాడి విమానం గుర్తు ఆ మర్నాటి రాత్రి బోర్డు మీద తిరిగి రాకపోవడం, అయినా షిఫ్టు అయ్యేదాకా కుర్చీలోంచి లేవకపోవడం. 1949లో ఈ దళానికి వ్రాఫ్ (మహిళా రాయల్ ఎయిర్ ఫోర్స్) అని పేరు మార్చి శాశ్వతం చేశారు.

ఇందులో మనవాళ్లు ఎక్కడున్నారు? హైదరాబాద్ స్క్వాడ్రన్ అని చదివాను, నిజమా?

నిజమే. స్క్వాడ్రన్ అంటే కలిసి పనిచేసే విమానాలూ వాటి సిబ్బందీ ఉన్న జట్టు. అదీ ఒకటి కాదు, మూడు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్న డీహెచ్9ఏ విమానాలతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్లింది. అప్పటి నుంచి దాని పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. రెండో యుద్ధంలో 152 హైదరాబాద్, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్లు కూడా వచ్చాయి. 152 వాళ్ల చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. దాని కింద "నమ్మకమైన మిత్రుడు" అనే అర్థమిచ్చే నినాదం.

బ్రిటన్ యుద్ధంలోకి దిగిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన మొదటి బాంబు దాడికి ముందు నిలిచినవి ఈ 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ బాంబర్లే. 1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో 152 స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలతో, 253 హరికేన్ యుద్ధవిమానాలతో పోరాడాయి. తర్వాత 110, 152 రెండూ బర్మా యుద్ధానికి వచ్చాయి. అక్కడ 152 వాళ్ల స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్లచిరుత బొమ్మ గీసుకున్నారు.

పేరు చూసి ఆ స్క్వాడ్రన్లలో హైదరాబాదీలు ఉండేవారనుకుంటే పొరపాటే. పేరు దాతది, మనుషులు బ్రిటన్, కామన్వెల్త్ దేశాల వాళ్లు. వాళ్ల జ్ఞాపకాల్లో హైదరాబాద్ ఎక్కడుందో కూడా ఉండదు. నిజాం ఖజానాలోకి ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, తెలంగాణ పల్లెల్లో శిస్తు ఎలా వసూలు చేశారో తెలిసిన మనం ఆ తలపాగా చిహ్నాన్ని చూసి ఉత్త గర్వంతో ఆగిపోలేం.

మనుషుల సంగతికొస్తే, 1940లో 24 మంది భారతీయ పైలట్లు ఆర్‌ఏఎఫ్‌లో పనిచేయడానికి బ్రిటన్ వెళ్లారు. వాళ్లలో మహీందర్ సింగ్ పుజ్జీ హరికేన్లు నడిపాడు, తలపాగాతోనే ఎగిరాడు, తర్వాత బర్మాలోనూ పోరాడాడు. 2010లో చనిపోయాడు. ఇంగ్లండ్‌లోని గ్రేవ్‌సెండ్‌లో ఆయన విగ్రహం ఉంది. ఇక్కడే చేరిన మనవాళ్లు ఎక్కువగా భారత వైమానిక దళంలో పనిచేశారు. అది 1932లో మొదలైన వేరే దళం. వాళ్లలో కొందరు ఎగరడం నేర్చుకున్నది మన బేగంపేటలోనే.

1946లో ఆర్‌ఏఎఫ్ వాళ్లు ఇండియాలో సమ్మె చేశారా?

చేశారు. సైన్యంలో సమ్మె అనే మాట ఉండదు కాబట్టి పై అధికారులు దాన్ని తిరుగుబాటు అన్నారు. యుద్ధం అయిపోయి నెలలు గడిచినా ఇంటికి పంపరు. ఓడలు లేవంటారు. ఇంట్లో భార్యాపిల్లలు, పాత ఉద్యోగం వేరేవాళ్లు పట్టుకుపోతారేమోనన్న దిగులు. ఆ పైన ఎండలో నీలం ఉన్ని యూనిఫాంతో పరేడ్లు, కిట్ తనిఖీలు మళ్లీ మొదలుపెట్టారు. 1946 జనవరిలో కరాచీలోని డ్రిగ్ రోడ్ స్థావరంలో రాజుకున్న మంట ఇండియా, సిలోన్, సింగపూర్, ఈజిప్టు దాకా పాకింది. సుమారు 60 స్థావరాల్లో 50,000 మంది పాల్గొన్నారని లెక్క.

తుపాకీ ఎత్తలేదు, ఎవర్నీ కొట్టలేదు. పనికి రామన్నారు, అంతే. ఇంటికి పంపడం వేగం చేశారు గానీ, కొందరిని కోర్టు మార్షల్ చేశారు. సింగపూర్‌లో ఒకరికి పదేళ్ల శిక్ష వేసి, బ్రిటన్‌లో గొడవ అయ్యాక తగ్గించారు. మరుసటి నెల బొంబాయిలో మన నావికులు తిరగబడ్డప్పుడు, ఆర్‌ఏఎఫ్ వాళ్లను ఊరికే వదిలేయడం కూడా ఒక కారణమని వైస్రాయ్ వేవెల్ అనుకున్నాడు. ఆర్‌ఏఎఫ్ అధికారిక చరిత్రల్లో దీనికి చోటు తక్కువ. మామూలు జవాన్ల జ్ఞాపకాలే లేకపోతే మనకు ఇంత తెలిసేది కాదు. ఈ ఒక్క కారణానికైనా వాటిని చదవాలంటాను.

విదేశీ పోస్టింగులు ఎలా ఉండేవి?

1950ల్లో ఆర్‌ఏఎఫ్ సగం ప్రపంచంలో ఉండేది. జర్మనీ, సూయజ్ కాలువ ప్రాంతం, ఇరాక్‌లో హబ్బానియా, ఏడెన్, సైప్రస్, సింగపూర్‌లో చాంగీ. ఓడలో వారాల ప్రయాణం, కింది డెక్కుల్లో వేలాడే పడకలు, బిస్కే అఖాతంలో వాంతులు. ఈ ప్రయాణం దాదాపు అందరి కథల్లోనూ ఒకటే.

బెర్లిన్‌ను సోవియట్లు దిగ్బంధించిన 1948–49లో పనిచేసినవాళ్లు బొగ్గు మసి గురించి చెబుతారు. ఊరి పొయ్యిల కోసం విమానాల్లో బొగ్గు మోశారు. ఉప్పు మామూలు విమానాల లోహాన్ని తినేస్తుందని, సముద్రం మీద దిగే సండర్‌లాండ్‌లలో తెచ్చి బెర్లిన్‌లోని హావెల్ సరస్సులో దించారు. సూయజ్ వాళ్ల మాటలు చేదుగా ఉంటాయి. దోమలు, విరేచనాలు, కాల్పులు. 1951–54 మధ్య అక్కడ పనిచేసినవాళ్లకు పతకం ఇవ్వడానికి ప్రభుత్వానికి 2003 దాకా పట్టింది.

మాల్దీవుల్లోని గాన్ ద్వీపంలో ఏడాది పాటు భార్యాపిల్లలు లేకుండా ఉండాలి. చుట్టూ సముద్రం, మధ్యలో రన్‌వే, చేసేదేమీ లేదు. పసిఫిక్ సముద్రంలోని క్రిస్మస్ ద్వీపం కథ వేరు. 1957–58లో అక్కడ హైడ్రోజన్ బాంబులు పరీక్షించారు. జవాన్లను బీచిలో పేలుడుకు వీపు పెట్టి కూర్చోబెట్టి, చేతులతో కళ్లు మూసుకోమన్నారు. మూసిన కళ్లకు అరచేతి ఎముకలు కనిపించాయని చాలామంది చెప్పారు. తర్వాత జబ్బులొచ్చినవాళ్లు పరిహారం కోసం దశాబ్దాలు పోరాడారు. వాళ్ల కోసం పతకం ప్రకటించింది 2022లో.

ఇంకో మాట. తూర్పు దేశాల పోస్టింగుల జ్ఞాపకాల్లో టీ తెచ్చే "చార్ వాలా", బట్టలుతికే "ధోబీ వాలా" కనిపిస్తారు. పేరుండదు, ఇల్లుండదు, నవ్వించడానికి వచ్చిపోతారు. తొంభై ఏళ్ల పెద్దాయన ప్రేమగానే చెబుతున్నా ఆ చోట మనకు చదవడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

ఈ జ్ఞాపకాల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

రోజువారీ బతుకు గురించి అయితే చాలావరకు నమ్మొచ్చు. పొయ్యి ఎక్కడుంది, సోమవారం రాత్రి ఏం తుడిచారు, టీ ఎంత పల్చగా ఉండేది. వీటిలో అబద్ధమాడి ఎవరూ బాగుపడరు. తేదీలు, దాడుల సంఖ్య, తాను చూసిన గొప్పవాళ్ల పేర్లు మాత్రం సరిచూసుకోవాలి. ప్రతి స్క్వాడ్రన్ రోజువారీ పని రాసిన రికార్డు పుస్తకాలు లండన్ కివ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరుసలో ఉన్నాయి. స్టేషన్లవి ఏఐఆర్ 28లో. గొంతు వినాలనుకుంటే ఇంపీరియల్ వార్ మ్యూజియం రికార్డింగులు ఉన్నాయి. రాసినదాని కంటే మాట్లాడినప్పుడు నిజం ఎక్కువ బయటపడుతుంది. మధ్యలో ఆగిపోతారు, అది రాతలో కనిపించదు.

మా ఇంట్లో తాతగారి పాత ఫొటో ఉంది, ఎయిర్ ఫోర్స్ అంటారు. ఎలా తెలుసుకోవాలి?

ముందు ఏ దళమో తేల్చుకోండి. ఇండియాలో చేరిన తెలుగువాళ్లు చాలావరకు భారత వైమానిక దళం వాళ్లు. 1945 నుంచి 1950 దాకా దాని పేరు ముందు "రాయల్" ఉండేది కాబట్టి ఇంట్లో ఆర్‌ఏఎఫ్ అని చెప్పుకునే పొరపాటు జరుగుతుంది. ఆ రికార్డులు లండన్‌లో కాదు, ఢిల్లీలో అడగాలి.

తర్వాత ఫొటోను భూతద్దంతో చూడండి. ఛాతీ మీద రెండు రెక్కలుంటే పైలట్. ఒకే రెక్క, పక్కన అక్షరాలుంటే మిగతా విమాన సిబ్బంది. ఏజీ ఉంటే గన్నర్, ఎన్ ఉంటే నావిగేటర్. చేతి మీద రెండాకుల ప్రొపెల్లర్ గుర్తుంటే ఎల్‌ఏసీ. మూడాకులదైతే ఎస్‌ఏసీ, అంటే ఫొటో 1951కి ముందుది కాదు. ఫొటో వెనక పెన్సిల్‌తో అంకెలేమైనా రాసి ఉంటే అది సర్వీస్ నంబర్ కావచ్చు, ముందు దాన్నే రాసిపెట్టుకోండి. పేరు ఎన్ని రకాలుగా రాసినా, జవాను ఆఫీసరైతే తప్ప ఆ నంబర్ మారదు.